తమ్ముడికి జపాన్ మిషన్ కాల్ వచ్చింది, రెండేళ్లు అక్కడ ఎలా గడుస్తుంది?

పొద్దుతిరుగుడు (ప్రశ్న)

మా తమ్ముడికి 19 ఏళ్లు. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము తరఫున జపాన్‌కి మిషన్ కాల్, అంటే మతప్రచార సేవకి పిలుపు, వచ్చింది. బయటివాళ్లు మోర్మన్ చర్చి అంటారే, అదే. ఇరవై నాలుగు నెలలు. వాడు హుషారుగానే ఉన్నాడు, అమ్మకే నిద్ర పట్టడం లేదు. అడగాల్సినవన్నీ ఒకేసారి అడిగేస్తున్నాను: రోజు ఎలా గడుస్తుంది? ఎప్పుడు ఫోన్ చేయొచ్చు? డబ్బు ఎవరిది? సైకిల్ మీద తిరగాలంటున్నారు, నిజమేనా? జబ్బు చేస్తే ఎలా? వెళ్లేముందు ఇక్కడ సర్దుకోవాల్సినవి ఏమిటి? ధైర్యం చెప్పేవాళ్లు ఇంట్లో చాలామందే ఉన్నారండీ, నాకు వివరాలు కావాలి.

మూడోమెట్టు

అక్కా, దినచర్యతో మొదలుపెడతాను. పొద్దున 6:30కి లేవడం, రాత్రి 10:30కి పడుకోవడం అన్నది ఏళ్ల తరబడి ఉన్న లెక్క. 2017లో కాస్త సడలించారు, ఆ ప్రాంతపు అలవాట్లను బట్టి మిషన్ ప్రెసిడెంట్ (అక్కడి మిషనరీలందరికీ పెద్ద) వేళలు అటూ ఇటూ జరపొచ్చు. లేచాక అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్. తర్వాత ఎవరికి వారు లేఖనాల చదువు, కంపానియన్‌తో (జోడీగా వేసిన తోటి మిషనరీతో) కలిసి చదువు, ఆపైన భాష. పదీ పదకొండు మధ్య బయటపడతారు. మధ్యాహ్నం భోజనానికి, రాత్రి భోజనానికి చెరో గంట. తొమ్మిదీ తొమ్మిదిన్నరకి మళ్లీ ఇల్లు, మర్నాటి ప్లాను.

కాగితం మీద ఇది చక్కగానే ఉంటుంది. జపాన్‌లో ఇబ్బంది ఎక్కడంటే, జనం ఇళ్లలో దొరికేది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకానే. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తలుపు కొడితే పలికేవాళ్లు తక్కువ. అందుకే తెలివైన జోడీలు రాత్రి భోజనాన్ని ఐదింటికే ముగించేస్తారు. మధ్యాహ్నం ఖాళీని సేవా పనులకీ, చర్చికి రావడం మానేసిన సభ్యుల్ని పలకరించడానికీ వాడుకుంటారు. ఏడింటికి తీరిగ్గా వంట మొదలుపెట్టే జోడీకి ఆ రోజు పోయినట్టే.

కంపానియన్ సంగతి అమ్మగారికి బాగా వివరించండి. ఇద్దరూ ఇరవై నాలుగు గంటలూ కలిసే ఉండాలి, ఒకరికొకరు కనిపిస్తూ, వినిపిస్తూ. స్నానాలగదికి తప్ప విడిపోవడం లేదు. ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు లేదు. ప్రతి ఆరు వారాలకూ ట్రాన్స్‌ఫర్ కబురు వస్తుంది: ఉండమనొచ్చు, ఊరు మార్చొచ్చు, జోడీ మార్చొచ్చు. కొత్తవాడికి మొదటి పన్నెండు వారాలు ట్రైనర్ ఉంటాడు. గొడవలు సిద్ధాంతాల మీద రావు. అంట్లు, అలారం, ఏసీ, గురక, ఇవీ కారణాలు. వారానికోసారి ప్లానింగ్‌లో ఒకరి గురించి ఒకరు నేరుగా మాట్లాడుకోవడానికంటూ సమయం ఉంటుంది. దాన్ని దాటేసే జోడీలే మూడో వారానికి ముఖాలు మాడ్చుకు తిరుగుతాయి. వంట వంతులు, ఊడ్చే వంతులు, అలారం ఎవరిది, ఇవి మొదటి రెండు రోజుల్లోనే తేల్చుకోమనండి. తేలకపోతే డిస్ట్రిక్ట్ లీడర్ (కొన్ని జోడీలను చూసుకునే మిషనరీ), ఆ తర్వాత మిషన్ ప్రెసిడెంట్. ప్రెసిడెంట్‌కి ప్రతి వారం రాసే ఉత్తరం నేరుగా ఆయనకే వెళ్తుంది కాబట్టి అందులో దాచాల్సిన పని లేదు.

ఫోన్: ఒకప్పుడు వారానికో ఈమెయిలు, ఏడాదికి రెండుసార్లు, అంటే క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ, కాల్. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి వారం ప్రిపరేషన్ డే నాడు ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. దాన్ని అందరూ పీ-డే అంటారు, చాలా మిషన్లలో సోమవారం. ఆ రోజు సాయంత్రం ఆరింటికి పీ-డే అయిపోతుంది. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. అంటే మన గడియారంలో మధ్యాహ్నం రెండున్నరలోపే మాట్లాడుకోవాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చేద్దామంటే వాడు దొరకడు.

కాగితప్పడవ

పై ఆయన చెప్పినవన్నీ చర్చి నియమాలు. కుర్రాళ్లకి తరచూ తలనొప్పి తెచ్చేవి మాత్రం జపాన్ ప్రభుత్వ కాగితాలు.

మిషనరీలు వెళ్లేది మత కార్యకలాపాల వీసా మీద. మొదట అక్కడి ఇమిగ్రేషన్ నుంచి అర్హతా పత్రం వస్తుంది, దాన్ని చూపితే ఎంబసీ వీసా వేస్తుంది. ఆ పత్రం చెల్లేది మూడు నెలలే. అది చేతికి అందాక పాస్‌పోర్టు రెన్యూవల్ అంటూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. పాస్‌పోర్టుకి కనీసం మూడేళ్ల గడువు ఉండేలా ఇప్పుడే చూసుకోండి.

నరితా, హనెదా, కన్సాయ్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు. పదహారేళ్లు దాటిన విదేశీయులు దాన్ని ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలని చట్టం. ఇంట్లో పెట్టి వచ్చానంటే పోలీసు ఒప్పుకోడు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు ఆ ఊరి సిటీ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి.

ట్రాన్స్‌ఫర్లతో చిక్కు ఇక్కడే. వేరే మునిసిపాలిటీకి మారిన ప్రతిసారీ పాత ఊళ్లో ‘వెళ్తున్నాను’ అని నమోదు చేయించి కాగితం తీసుకోవాలి. కొత్త ఊళ్లో 14 రోజుల్లోపు ఆ కాగితం, రెసిడెన్స్ కార్డు రెండూ చూపి ‘వచ్చాను’ అని నమోదు చేయించాలి. ఆఫీసులు మామూలుగా శని, ఆదివారాలు తెరవరు. ట్రాన్స్‌ఫర్ హడావిడిలో మొదటిది మర్చిపోతే రెండోది ఆగిపోతుంది, పాత ఊరి నుంచి పోస్టులో తెప్పించుకోవాలి. 90 రోజులు దాటినా చిరునామా చెప్పకపోతే ఏకంగా వీసా హోదాకే ముప్పు. జాతీయ ఆరోగ్య బీమా కూడా ఊరితోపాటే మారుతుంది కాబట్టి ఆ కౌంటర్ పని అదే రోజు ముగించుకోవాలి. బీమా ఉంటే ఆసుపత్రి ఖర్చులో మనం కట్టేది 30 శాతం.

మీ తమ్ముడికి 19 అన్నారు కదా, ఇది గుర్తుపెట్టుకోండి. జపాన్‌లో నివాసం ఉన్న ఎవరికైనా ఇరవై నిండగానే జాతీయ పింఛను పథకంలో పేరు చేరిపోతుంది, దేశం ఏదన్నది చూడరు. పుట్టినరోజు అయ్యాక ఇంటికి కవరు వస్తుంది. ఏదో ప్రకటన అనుకుని పారేస్తే బాకీ నోటీసులు మొదలవుతాయి. ఆదాయం లేనివాళ్లకు మినహాయింపు దరఖాస్తు ఉంది. కవరు రాగానే ఫొటో తీసి మిషన్ ఆఫీసుకి పంపమనండి.

మందులు: డాక్టరు రాసిచ్చినవి ఒక నెలకి మించి తీసుకెళ్లాలంటే ముందుగా జపాన్ ఆరోగ్య శాఖ నుంచి దిగుమతి నిర్ధారణ పత్రం తీసుకోవాలి. సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటిన జలుబు మాత్రలు నిషేధం. ఆంఫెటమిన్ రకం మందులకి చీటీ ఉన్నా అనుమతి లేదు. దగ్గు మందులో కోడీన్ ఉంటే పాళ్లు చూడాలి, ఒక శాతం దాటితే అది వాళ్ల లెక్కలో మాదకద్రవ్యం. అమ్మ ప్రేమగా సర్ది పెట్టే మందుల సంచిని ఒకసారి లేబుళ్లతో సహా చూడండి.

రేగడి

సైకిల్ నిజమే. పల్లె వైపు వేస్తే రోజుకి ఇరవై ముప్పై కిలోమీటర్లు మామూలు. పెద్ద నగరాల్లో రైలూ నడకా ఎక్కువ.

జపాన్‌లో ప్రతి సైకిల్‌కీ దొంగతనాల నివారణ రిజిస్ట్రేషన్ స్టిక్కరు ఉంటుంది. ఒక మిషనరీ నుంచి ఇంకొకరికి చేతులు మారిన సైకిల్ అయితే స్టిక్కరు నంబరు పాత పేరు మీదే నమోదై ఉంటుంది. రాత్రిపూట పోలీసు ఆపి నంబరు చూస్తే అది ఇంకెవరిదో అని తేలుతుంది, అరగంట నిలబెడతాడు. సైకిల్ తీసుకున్న వారంలోనే పేరు మార్పించాలి.

హెల్మెట్ పెట్టుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి చట్టం అందరికీ చెబుతోంది, జరిమానా మాత్రం లేదు. మిషన్‌లో అయితే హెల్మెట్ లేకుండా పెడల్ మీద కాలు పెట్టడానికే లేదు. తొక్కుతూ ఫోన్ చూడటం 2024 నవంబరు నుంచి పెద్ద నేరం. 2026 ఏప్రిల్ నుంచి అక్కడికక్కడే రాసే జరిమానా చీటీలో ఫోన్‌కి 12,000 యెన్లు, గొడుగు పట్టుకుని తొక్కితే 5,000. దారి చూసుకోవాలంటే ఆగి, దిగి, చూసి ఎక్కాలి. చాలా జిల్లాల్లో సైకిల్ బీమా తప్పనిసరి.

ఇక గాలి. అక్కడి మామూలు బుట్ట సైకిళ్లకి ఉండే వాల్వ్ లోపల చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, వాళ్లు ‘ముషిగోము’ అంటారు. అది ఎండకి బీటలిచ్చి గాలి మెల్లగా పోతుంది. తెలియనివాళ్లు పంక్చరనుకుని ట్యూబు మార్పిస్తారు. చేయాల్సిందల్లా పై నట్టు విప్పి, లోపలి పుల్ల బయటికి లాగి, పాత రబ్బరు తీసేసి, కొత్తదాన్ని తడిపి ఎక్కించడం. పుల్ల పక్కనున్న చిన్న రంధ్రం పూర్తిగా మూసుకునేలా కింది నుంచి పైదాకా తొడగాలి, సగం తొడిగితే గాలి నిలవదు. ఈ రబ్బర్లు వంద యెన్ల దుకాణాల్లో దొరుకుతాయి. గాలి తక్కువున్న టైరుతో గట్టు ఎక్కిస్తే రిమ్ముకీ గట్టుకీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పక్కపక్కన పడతాయి, అప్పుడది నిజమైన పంక్చరు. అతుకు వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, జిగురు పల్చగా రాసి, వేలికి అంటకుండా ఆరాకే అంటించాలి. తొందరపడి తడిమీద అంటిస్తే రెండో రోజుకి ఊడుతుంది.

బూట్లు రెండు జతలు, ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకోటి. జూన్, జూలై వానల్లో తడిసిన జత ఒక్క రాత్రిలో ఆరదు, మర్నాడు అదే వేసుకుంటే కాళ్లు పాచిపోతాయి, బూటు అట్ట లేస్తుంది. పాత న్యూస్‌పేపర్లు కుక్కి రెండు గంటలకోసారి మార్చాలి. ఇంకో సంగతి, ప్రతి గుమ్మం దగ్గరా బూట్లు విప్పాలి. తాడు గట్టిగా బిగించే రకం కంటే సులువుగా వదిలే రకం మేలు, సాక్సులకి చిల్లులు ఉండకూడదు.

సామాను: ట్రాన్స్‌ఫర్ రోజున పెద్ద సూట్‌కేసులు ఈడ్చుకుంటూ రైలు మారడం దండగ. ‘టక్యూబిన్’ అనే పార్సిల్ సేవ ఉంది, ముందురోజు ఇస్తే చాలా ఊళ్లకి మర్నాడు చేరుతుంది. మూడు కొలతలూ కలిపి 200 సెంటీమీటర్లు, 30 కిలోలు దాటకూడదు. రెండు రోజుల బట్టలు మాత్రం చేతిసంచిలో ఉంచుకోవాలి. సైకిల్ రైలెక్కాలంటే విడదీసి లేదా మడిచి సంచిలో పూర్తిగా పెట్టాల్సిందే.

పొద్దుతిరుగుడు

అందరికీ దండాలండీ. పింఛను కవరు సంగతి ఎవరూ చెప్పలేదు ఇంతవరకూ. రెండు సందేహాలు మిగిలాయి. వాడు గొడ్డు మాంసం, పంది మాంసం తినడు, అక్కడ గడుస్తుందా? మతం గురించి మాట్లాడేందుకు వెళ్తే జనం ఎలా తీసుకుంటారు? భాష ఒక్క ముక్క రాదు.

చెరుకుతోట

తిండి గడుస్తుంది, చూసుకుని తినాలంతే. గోధుమ సేమ్యాల సూప్ చాలాచోట్ల పంది ఎముకల మరగే. సూపర్‌మార్కెట్లో దొరికే కూర దిమ్మల్లో గొడ్డు కొవ్వో పంది కొవ్వో కలుస్తుంది, కూర చికెన్‌దే అయినా దిమ్మలో అది ఉంటుంది. ప్యాకెట్ మీద మూడు అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు: పంది, ఆవు, కోడి. మసాలాలు కొద్దిగా ఇక్కడి నుంచే పట్టుకెళ్తే ఆ దిమ్మలతో పనే లేదు. సభ్యులు భోజనానికి పిలిచినప్పుడు ఒప్పుకునేటప్పుడే చెప్పాలి. వడ్డించాక చెబితే ఆ ఇంటావిడ నొచ్చుకుంటుంది, ఆమె ఇంకో కూర చేసేదాకా కూర్చోవాల్సి వస్తుంది. ఇంట్లో వండుకుంటే గుడ్లు, చేపలు, టోఫు, క్యాబేజీ చవక. సూపర్‌మార్కెట్లు మూసే ముందు వండిన పదార్థాల మీద సగం ధర స్టిక్కర్లు వేస్తారు.

మాంసం కంటే టీతోనే ఎక్కువ ఇబ్బంది. జ్ఞాన వాక్యము అనే చర్చి ఆరోగ్య నియమం ప్రకారం కాఫీ, టీ తాగకూడదు, టీ అంటే గ్రీన్ టీ కూడా. జపాన్‌లో ఇంటికొచ్చినవాడికి ఇచ్చేదే అది. హోజిచా, గెన్‌మైచా, ఊలాంగ్ పేర్లు వేరైనా అన్నీ ఆ టీ ఆకే. ‘ముగిచా’ బార్లీతో, ‘సోబాచా’ బక్‌వీట్ గింజలతో చేస్తారు, అవి తాగొచ్చు. ‘ముగిచా గానీ నీళ్లు గానీ ఇప్పించండి’ అని ఒక వాక్యం మొదటి వారంలోనే నోటికి రావాలి. కప్పు ముందు పెట్టాక తాకకుండా వదిలేయడం కంటే కూర్చునేటప్పుడే చెప్పడం మర్యాద.

నెలలో మొదటి ఆదివారం ఉపవాసం, రెండు పూటలు, నీళ్లు కూడా ఉండవు. ఆగస్టులో 35 డిగ్రీల ఎండలో సైకిల్ తొక్కి వచ్చిన మర్నాడు ఇది బరువే. శనివారం మధ్యాహ్నం నుంచే నీళ్లు బాగా తాగాలి. ఒంట్లో బాగాలేకపోతే ఉపవాసం మానొచ్చు, మొండితనం అక్కర్లేదు.

డబ్బు: అమెరికా, కెనడాల్లాంటి చోట్ల నుంచి వెళ్లేవాళ్ల కుటుంబాలు 2020 జూలై నుంచి నెలకి 500 డాలర్లు ఇస్తున్నాయి, అంతకుముందు 400. సేవకి వెళ్లే దేశం ఖరీదైనదా చవకదా అన్నదాంతో సంబంధం లేదు. మీ మొత్తం ఎంతో మీ బిషప్ (స్థానిక చర్చి పెద్ద) చెప్పాలి, వేరే దేశం అంకె పట్టుకుని కంగారుపడకండి. ఇంటద్దె, కరెంటు మిషన్ ఆఫీసే చూస్తుంది. తిండికీ ప్రయాణానికీ నెలనెలా ఒక కార్డులో వేస్తారు. చిన్న ఊళ్లలో నోట్లే చెల్లుతాయి కాబట్టి కొంత తీసి ఉంచుకోవాలి. మొదటి పది రోజుల్లో ఖర్చు చేసేసి నెలాఖరుకి ఉత్త అన్నం తినేవాళ్లు ప్రతి మిషన్‌లోనూ ఉంటారు. కార్డు రాగానే నాలుగు వారాలకి విడగొట్టి రాసుకుంటే ఆ పరిస్థితి రాదు.

ఇంట్లో పరుపు విషయం. నేలమీద పరిచే ఫుటాన్‌ని పొద్దున్నే మడిచి పెట్టాలి. అలాగే వదిలేస్తే చెమట తేమ కిందికి దిగి చాపకీ పరుపుకీ బూజు పడుతుంది, వారానికోసారైనా ఎండలో ఆరేయాలి. చెత్త ఏ రోజు ఏ రకం అన్నది ఊరూరికీ మారుతుంది, కొన్ని ఊళ్లలో వాళ్లు చెప్పిన సంచే వాడాలి. ముందురాత్రి బయటపెడితే కాకులు చించి పోస్తాయి, పక్కింటివాళ్లకి చర్చి పేరు అలా గుర్తుండిపోతుంది.

మూడోమెట్టు

భాష గురించి. జపనీస్ నేర్చుకునేవాళ్లకి మిషనరీ శిక్షణ సుమారు తొమ్మిది వారాలు. మొదట కొన్ని రోజులు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో, తర్వాత శిక్షణ కేంద్రంలో. అక్కడ ముందు నేర్పేది ప్రార్థన చేయడం, సాక్ష్యం చెప్పడం. ఎదుటివాడు తిరిగి మాట్లాడితే అర్థమయ్యే స్థాయి మొదటి మూడు నాలుగు నెలల్లో రాదు. ఇప్పుడే చేయగల పని ఒక్కటే, హిరగానా, కటకానా అనే రెండు జపనీస్ లిపులూ బయల్దేరేలోపు చూడకుండా రాసేలా నేర్చుకోవడం. రోజుకి పది అక్షరాలు చొప్పున రెండు వారాలు చాలు. నేమ్ ట్యాగ్ మీద మీ ఇంటిపేరు కటకానాలో రాస్తారు. వాళ్ల భాషలో ‘ల’ లేదు, ‘ర’ అవుతుంది, ఒత్తక్షరాలు విడిపోయి మధ్యలో అచ్చులు దూరతాయి. వాడి పేరు వాడే గుర్తుపట్టకపోవచ్చు! అక్కడ మగ మిషనరీని ‘చోరో’, ఆడ మిషనరీని ‘షిమై’, కంపానియన్‌ని ‘దోర్యో’ అంటారు.

తలుపు దగ్గర మాట్లాడేది చాలావరకు ఇంటర్‌కమ్‌తోనే, మనిషి ముఖం కనిపించదు. ‘కెక్కో దెసు’ అని వినిపిస్తుంది. నిఘంటువులో ‘బాగుంది’ అని ఉంటుంది, గుమ్మం దగ్గర మాత్రం దానర్థం ‘వద్దు’. కొత్తవాళ్లు దాన్ని ఒప్పుకోలు అనుకుని ఇంకా మాట్లాడతారు, అవతలివాళ్లకి చిరాకు. రెండోసారి బెల్లు కొట్టకుండా కృతజ్ఞత చెప్పి కదలాలి.

జనం ఎలా తీసుకుంటారంటే, 2022 జూలైలో మాజీ ప్రధాని షింజో అబే హత్య జరిగాక, నిందితుడి కోపం యూనిఫికేషన్ చర్చి మీదేనని తెలియడంతో, ఆ చర్చి విరాళాల మీద దేశమంతా చర్చ నడిచింది, ఆ డిసెంబరులోనే విరాళాల మీద కొత్త చట్టం వచ్చింది. ఆ తర్వాత ఏ మతం పేరుతో పలకరించినా ముందు అనుమానమే. కాబట్టి దాపరికం పనికిరాదు. మొదటి వాక్యంలోనే చర్చి పూర్తి పేరు చెప్పాలి. ఉచిత ఇంగ్లిష్ క్లాసు కరపత్రం మీద కూడా చర్చి పేరు పెద్దక్షరాల్లో ఉండాలి. ఇంగ్లిష్ కోసం వచ్చినవాడికి ఇంగ్లిషే నేర్పాలి, క్లాసులో ప్రసంగం దూర్చితే వారం తిరిగేసరికి కుర్చీలు ఖాళీ. పిల్లలకి పాఠం చెప్పాలంటే తల్లిదండ్రుల అనుమతి ముందు. ఆడమనిషి ఒంటరిగా ఉన్న ఇంట్లోకి ఇద్దరు ఎల్డర్లు (మగ మిషనరీలు) వెళ్లకూడదు, ఇంకో పెద్దమనిషి తోడుండాలి.

కాగితప్పడవ

ఒకటి మిగిలింది, భూకంపం. తలుపు దగ్గర ఒక సంచి: మనిషికి రోజుకి మూడు లీటర్ల చొప్పున మూడు రోజుల నీళ్లు, టార్చి, రెసిడెన్స్ కార్డు నకలు, మందులు, కొంత నగదు చిల్లరతో. గట్టిగా ఊగితే గ్యాస్ మీటరు దానంతటదే ఆగిపోతుంది. గ్యాస్ వాసన లేకపోతే స్టవ్, గీజర్ అన్నీ కట్టేసి, మీటరు మీది బటన్ నొక్కి, మూడు నిమిషాలు ఏదీ వెలిగించకుండా ఆగితే మళ్లీ వస్తుంది. తెలియక రెండు రోజులు చన్నీళ్ల స్నానం చేసేవాళ్లుంటారు. వార్త వినగానే అమ్మగారు నేరుగా వాడికి ఫోన్ చేస్తే లైన్లు కలవకపోవచ్చు. మిషన్ ఆఫీసు నంబరు ఇప్పుడే రాసిపెట్టుకోండి, జోడీలన్నీ క్షేమమా కాదా అని మొదట లెక్క కట్టేది వాళ్లే.

పొద్దుతిరుగుడు

నంబరు ఫ్రిజ్ మీద అంటించేశాను. మందుల సంచి విప్పితే దగ్గు మందు మూడు సీసాలు బయటపడ్డాయి, వెనక లేబుళ్లు చదువుతున్నాను.